తొమ్మిదో మెట్టు మీది చెంబు

రండమ్మా, దగ్గరికి జరగండి. ఆ చివర గోడకు ఆనుకున్న అన్నలూ ఇటు రావాలి, నా గొంతు మునుపటిలా లేదు. చంటిపిల్లల తల్లులు ముందు కూర్చోండి. పిల్ల ఏడిస్తే ఏడవనివ్వండి, నాకేం ఇబ్బంది లేదు. దాహమైనవాళ్లు ఇప్పుడే లేచి ఆ మూల బానలో నీళ్లు తాగి రండి. ఇది నీళ్ల కథ. మధ్యలో లేస్తే నాకు బాధ.

అందరూ కూర్చున్నారా? ఆ తల్లి మనందరినీ చల్లగా చూడాలి. వినండి.

ఒక రాజు ఉండేవాడు. ఆయన రాజ్యంలో ఒక రాళ్లగుట్ట, గుట్ట చుట్టూ పల్లెలు. ఆ పల్లెల్లో ఆడపిల్లలకు బడి లేదు.

రాజు మంచివాడు. ముందే చెప్తున్నాను, ఈ కథలో చెడ్డవాళ్లు లేరు, వెతక్కండి. ఆయన గుట్ట మీద బడి కట్టించాడు. పది రాతిమెట్లు, పైన పెంకుల కప్పు. ఏడాదికో మెట్టు. ఈ ఏడు మూడో మెట్టు మీద కూర్చుని చదివిన పిల్ల, వచ్చే ఏడు నాలుగో మెట్టు ఎక్కుతుంది. పదో మెట్టు ఎక్కిన పిల్లకు కొండకు అవతలి వైపు కనిపిస్తుందని చెప్పేవారు. అవతల ఏముందో ఆ పల్లెల్లో ఏ ఆడదీ చూడలేదు.

పలకలిచ్చాడు. సింహాలు చెక్కిన పెద్ద వాకిలి పెట్టించాడు. చదువు చెప్పడానికి ఒక ముసలి అయ్యవారిని, కాపలాకు ఒక మనిషిని పెట్టాడు. పిల్లలు దాహంతో ఉండకూడదని, నడుమెత్తు నీళ్ల బానను ఒకటి చేయించి, మెట్ల పక్కన నీడలో నిలబెట్టించాడు.

ఆ బాన చేసింది ఒక కుమ్మరి అవ్వ. ఆమెకు ఈ లోకంలో మిగిలింది ఒక్క మనవరాలు. ఊరి దేవత పేరే పెట్టుకుంది దానికి, సుంకులమ్మ అని. ఈ కథలో రాజుకు పేరు లేదు, మంత్రికి లేదు. ఆ పిల్లకొక్కదానికే ఉంది. మీరు ఇంటికి తీసుకుపోవాల్సింది ఆ పేరే.

బాన మట్టిని తొక్కింది సుంకులమ్మే. తొక్కుతూ అడిగిందట, అవ్వా, ఈ బాన ఎన్నాళ్లు ఉంటుంది అని. బాన బతుకు దాని అంచులో తెలుస్తుందే, అంది అవ్వ. చెంబు ముంచీ ముంచీ అంచు ఒకపక్క నున్నగా అరిగిపోతుంది. అట్లా అరిగిన బానే పుణ్యం చేసుకున్న బాన.

బడి మొదలైంది. మొదటి మెట్టు మీద పిల్లలు కిక్కిరిసి కూర్చున్నారు. ఆరో మెట్టు దాకా అట్లాగే ఉండేది. ఏడో మెట్టు దగ్గర పలచబడేది. ఎనిమిదో మెట్టు మీద వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పదో మెట్టు ఎవరూ ఎక్కలేదు. పెద్దవుతున్నకొద్దీ పిల్లలు ఎందుకు దిగిపోతున్నారని రాజు మంత్రిని అడిగాడు. ఆడపిల్లలకు చదువు మీద మనసు నిలవదేమో ప్రభూ, అన్నాడు మంత్రి. ఆయన ఏనాడూ మెట్ల మీద కూర్చున్నవాడు కాదు.

ఇంతలో ఒక వింత బయటపడింది. కాపలావాడు పొద్దున్నే బాన నింపేవాడు. సాయంత్రం చూస్తే బాన దాదాపు నిండుగానే ఉండేది. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, మండువేసవిలో కూడా అంతే. అంతమంది పిల్లలు, పొద్దస్తమానం చదువు, నీళ్లు మాత్రం తరగవు. వాడు భక్తిపరుడు. తడుముకోకుండా చేతులు జోడించాడు.

అయ్యవారు చూశారు, కళ్లకద్దుకున్నారు. మంత్రి వచ్చాడు. ఆఖరికి రాజే వచ్చాడు. నిండుగా ఉన్న బాన అంటే మనకు ఎంత శుభమో నేను చెప్పాలా? దానికి పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, మెడలో పూలదండ వేశారు. మట్టిబానకు ఎండపూట చెమట పడుతుంది గదా. ఆ చెమటను వేలితో తీసి తీర్థమని నాలుక మీద వేసుకున్నారు. దేవుడి మీద ఆన, నేను వాళ్లను ఎగతాళి చెయ్యడం లేదు. ఆ రోజు నేనక్కడ ఉంటే నేనూ మొక్కేవాడినే.

ఇక్కడున్న ఆడకూతుళ్లకు సంగతి ఈపాటికి తెలిసిపోయింది. కొందరు తలదించుకున్నారు, చూస్తున్నాను. అన్నల కోసం చెప్తాను.

ఆ బడిలో అన్నీ ఉన్నాయి. పిల్లలు పక్కకు పోవాల్సొస్తే పోవడానికి చోటొక్కటే లేదు. కట్టినవాళ్లు మగవాళ్లు, చూసుకునేవాళ్లు మగవాళ్లు. వాళ్లకు ఏ బండరాయైనా చాటే. బడి వెనక తంగేడు పొదలుండేవి. పిల్లలు ఇద్దరిద్దరుగా పోయి, ఒకరు లోపలికి పోతే ఒకరు కాపలా నిలబడేవాళ్లు. ఎంత తక్కువ తాగితే అన్ని తక్కువసార్లు పోవచ్చు. అందుకని గొంతు తడిపి ఊరుకునేవాళ్లు. నెలకు కొన్ని రోజులు పొదలు కూడా చాలవు. ఆ రోజుల్లో ఇంట్లో ఉండిపోయేవాళ్లు. ఉండిపోయిన రోజులు పెరిగి, ఒకనాటికి మెట్టు దిగిపోయేవాళ్లు.

ఎవరికీ చెప్పేవాళ్లు కాదు. చెబితే అమ్మ ఏమంటుంది? అయితే పోవద్దులే అంటుంది. ఆ మాటకు భయపడి నోరు మూసుకున్నారు. నోరు మూసుకోవడమంటే మాటకే కాదు, నీళ్లకు కూడా.

మరి బాన మహిమ నలుగురికీ తెలిసింది. జనం రాసాగారు. కొబ్బరికాయలు, తప్పెట్లు, బండ్లు. జనం నిలబడటానికి చోటు చాలడం లేదని, రాజు బడి వెనక తంగేడు పొదలన్నీ కొట్టించి చదును చేయించి, అక్కడ రాతిస్తంభాల మంటపం కట్టడం మొదలుపెట్టించాడు.

పూలదండల కింద బాన ఏమనుకుందో చెప్తాను, కథ చెప్పేవాడికి ఆ చనువుంది. ఖాళీ కావడానికే కదా నన్ను కాల్చారు, అనుకుంది. మెడలో ఇంతింత దండలున్నాయి, ఒక్క చెంబూ లోపలికి రాదేం, అనుకుంది. దానికి నోరు పెద్దదే. మాట లేదు.

అప్పటికి సుంకులమ్మ తొమ్మిదో మెట్టు మీద ఉంది. ఒక్కతే. రాబోయే ఏడు పదో మెట్టు. పొదలు పోయినాక తక్కిన పెద్దపిల్లలు ఒక్కొక్కరే దిగిపోయారు. సుంకులమ్మ దిగలేదు. నీళ్లే మానేసింది. పొద్దున బడికి వచ్చింది మొదలు సాయంత్రం ఇంటికి చేరేదాకా చుక్క ముట్టేది కాదు.

సాయంత్రం గుట్ట దిగి, పరుగున పెరట్లోకి పోయి వచ్చి, వాకిట్లో నిలబడి చెంబు తర్వాత చెంబు ఎత్తేది. అవ్వ కుండలు చేసే సారె పక్కన కూర్చుని నవ్వేది.

"ఏమే, మీ బడిలో నీళ్లు లేవా? ఎద్దుల బండి లాక్కొచ్చినట్టు తాగుతావు."

"ఉండాయవ్వా. నువ్వు చేసిన బానే కదా. చల్లగుంటాయి."

"మట్టివాసన గానీ వస్తాందా?"

"లేదవ్వా. మంచిగుంటాయి."

అవ్వకు ఆ మాట చాలు. తన బాన దేవుడైందని ఊరంతా అంటుంటే, ఆమె ఇంకేం అడుగుతుంది?

ఎండలు ముదిరినప్పుడు పిల్లకు నడుములో నొప్పి మొదలైంది. తర్వాత చలిజ్వరం. వైద్యుడు చెయ్యి పట్టి చూసి, ఈ పిల్ల పగలంతా నీళ్లు తాగదా అని అడిగాడు. అవ్వకు కోపమొచ్చింది. వాళ్ల బడిలో తరగని బానే ఉంది, నీళ్లకు కొదవేందయ్యా అంది. ఆయన మందు నూరి ఇచ్చి, తలాడిస్తూ పోయాడు.

జ్వరంలో కూడా సుంకులమ్మ అసలు మాట చెప్పలేదు. ఒక్కటే చెప్పింది.

"తొమ్మిదో మెట్టు మీద నా పలకుంది. నేనొచ్చేదాకా తియ్యొద్దని చెప్పవ్వా."

అవ్వ చెప్పి పంపింది. పలక తియ్యలేదు. పిల్ల రాలేదు. ఐదో రోజున పోయింది.

కొంచెం ఆగుతాను. నాకూ ఇక్కడ నోరు ఎండుతుంది.

అవ్వ సారె ముట్టడం మానేసింది. వర్షాలు పడ్డాయి, వెలిశాయి. మంటపం పూర్తయిందని రాజు ఉత్సవం పెట్టాడు. తరగని బాన చేసిన చేతులకు సన్మానం చెయ్యాలని కబురు పంపాడు. అవ్వ రానంది. మంత్రి బండి కట్టించి పంపాడు. ఊరివాళ్లు బతిమాలారు, పోయి రా పెద్దమ్మా, రాజు పిలుస్తుంటే కాదనకూడదు అని. నా మనవరాలి పలక తెచ్చుకుంటా అని ఆమె బండెక్కింది.

మంటపం నిండా జనం. మెట్ల మీద పిల్లలు వరసగా. రాజు తన చేత్తో అవ్వ భుజాల మీద పట్టుశాలువా కప్పాడు. బానను చూసుకో తల్లీ, నీ చేతి చలవ అన్నాడు.

అవ్వ దండలు పక్కకు జరిపింది. దగ్గరివి కళ్లకు ఆనని మనిషి, వేళ్లతో చూసేది. బాన అంచు చుట్టూ వేలు తిప్పింది. ఒకసారి తిప్పింది, మళ్లీ తిప్పింది. ఎక్కడా నున్నబడలేదు. ఆవంలో కాల్చి బయటికి తీసిన రోజు ఎంత గరుకో అంత గరుకు.

ఇన్నేళ్లు. ఇంతమంది పిల్లలు.

ఆమె తల తిప్పి మెట్ల వైపు చూసింది. పిల్లల ఎండిన పెదాలు చూసింది. చదును చేసిన నేల చూసింది. పొదలు లేని గుట్ట చూసింది. వాకిట్లో నిలబడి చెంబు మీద చెంబు ఎత్తే పిల్ల ఆమె కళ్ల ముందుకు వచ్చింది.

అక్కడున్న ఇత్తడి చెంబు తీసుకుని బానలో ముంచింది. జనం గుసగుసలాడారు. ఆమె గటగటా తాగింది. మళ్లీ ముంచింది, తాగింది. కాపలావాడు అడ్డం రాబోయి, రాజు చెయ్యెత్తితే ఆగాడు. నాలుగో చెంబు, ఐదో చెంబు. కడుపు పట్టినంత తాగి, మూతి తుడుచుకుని, ఆమె రాజు ముందు నిలబడింది.

"అయ్యా, కడుపు నిండా తాగినా. ఇప్పుడు నేను యాడికి పోవాల?"

ఎవరూ నవ్వలేదు. రాజు కుడివైపు చూశాడు, జనం. ఎడమవైపు చూశాడు, జనం. వెనక తన మంటపం. ఆయన మొహంలోంచి రక్తం దిగిపోవడం మొదటి మెట్టు మీది పిల్లలకు కూడా కనిపించింది.

"ఒక్కరూ చెప్పలేదే," అన్నాడు రాజు.

"మీరు బానకు మొక్కినారు. నేను బానను చేసి మురిసినాను. తాగాల్సిన పిల్లను నువ్వూ అడగలేదు, నేనూ అడగలేదు. నేను అడిగింది నవ్వులాటకి."

అవ్వ భుజం మీది శాలువా తీసింది. రెండు స్తంభాల మధ్య ఒక కొస అటు, ఒక కొస ఇటు కట్టసాగింది. కళ్లకు ఆనక ముడి పడలేదు. ఆరో మెట్టు మీదినుంచి ఒక పిల్ల దిగి వచ్చి ముడి వేసింది. ఇంకో పిల్ల భుజాన కప్పుకున్న గుడ్డ తీసి మూడో వైపు కట్టింది. జనంలోని ఆడవాళ్లు లేచారు. ఎవరి దగ్గరున్న గుడ్డ వాళ్లు తెచ్చారు. రాజు వెనక్కి తిరిగి నిలబడి, మగవాళ్లందర్నీ తిరగమన్నాడు. తప్పెట్లు ఆగిపోయిన ఆ గుట్ట మీద, అంతమంది మగవాళ్లు వీపు తిప్పి నిలబడటమే ఆ రోజు జరిగిన ఉత్సవం.

తర్వాత ఆ గుడ్డల చోట రాతిగోడలు లేచాయి, తలుపులు వచ్చాయి, లోపల నీళ్ల తొట్లు వచ్చాయి. అవ్వ అక్కడే ఉండిపోయింది. బానకు దండలు లేవు. మధ్యాహ్నానికే అడుగు కనిపించేది. కాపలావాడు మొదట్లో ఖాళీ బానను చూసి భయపడేవాడు, ఏదో అశుభమని. అవ్వ వాడి చేత మళ్లీ నింపించేది. సాయంత్రానికి మళ్లీ ఖాళీ. దిగిపోయిన పిల్లలు కొందరు తిరిగి వచ్చారు. అందరూ రాలేదు. ఆరో మెట్టు మీదినుంచి వచ్చి ముడి వేసిన పిల్ల ఒకనాటికి పదో మెట్టు ఎక్కింది. కొండ అవతల ఏముందని కిందినుంచి అందరూ అడిగితే, ఏడుస్తూ నవ్విందే గానీ చెప్పలేదట.

అవ్వ రోజూ పొద్దున్నే బానలోంచి మొదటి చెంబు ముంచి, తొమ్మిదో మెట్టు మీద, ఆ పలక పక్కన పెట్టేది. సాయంత్రానికి ఆ గుట్ట మీద నీళ్లన్నీ అయిపోయేవి. ఆ చెంబొక్కటే నిండుగా ఉండేది.

కథ అయిపోయిందమ్మా. ఒక్క పని గుర్తుంచుకుని లేవండి. మీలో ఎవరైనా, ఎప్పుడైనా, ఏ పల్లెలోనో ఆడపిల్లల బడికి ఏదైనా ఇవ్వాలని పోతారు. పోండి, ఇవ్వండి, భగవంతుడు మీ చెయ్యి చల్లగా ఉంచాలి. ఇచ్చేముందు మాత్రం అక్కడి బానలో చెంబు ముంచి కడుపు నిండా తాగండి. తాగి, అవ్వ అడిగినట్టు అడగండి. ఆ తర్వాత ఇంకో బడికి పోతే, అక్కడా తాగండి, అక్కడా అడగండి.

వెళ్లేటప్పుడు ఆ మూల ఉన్న బాన అంచు ఒకసారి తడిమి చూసి వెళ్లండి.