సున్నం పడ్డ బావి

నేను ఇంతకుముందు ఏమీ రాయలేదు. చదివింది ఐదో తరగతి. నలుగురిలో మాట్లాడాలంటేనే నాకు బెరుకు. కానీ ఈ కథ కడుపులో పెట్టుకుని ఉండలేక రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

పిల్లలూ, ఊఁ కొట్టండి. ఏనాటిదో తెలియని కాలంలో, ఎంత దూరమో తెలియని చలిదేశంలో ఒక ఊరు. ఊరంతటికీ ఒక్కటే బావి. ఆ ఊళ్ళో ఇళ్ళకు సున్నం వేసే మనిషి మార్గిత. మొగుడు పోయాడు, పిల్లలిద్దరు. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా పలకరిస్తే తల వంచుకునేది.

బావికి అవతల యూదుల వీధి. వాళ్ళ పండగలు వేరు, ప్రార్థనలు వేరు. శనివారం పొయ్యి వెలిగించరు. అంతే తేడా. ద్వారబంధంలో చిన్న గుంట తొలిచి, దేవుడి మాట రాసిన తోలుచుట్ట అందులో పెట్టుకునేవాళ్ళు. వస్తూ పోతూ దాన్ని వేలితో తాకేవాళ్ళు. ఆ వీధిలోనే మంత్రసాని ఫ్రూమ ఉండేది. మార్గిత పిల్లలిద్దరికీ బొడ్డు కోసింది ఆమే.

ఒకనాడు పొద్దున్నే మార్గిత బావి గట్టున కుంచె కడుగుతోంది. కాలు తగిలి సున్నం కుండ బావిలో పడింది. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. బెదిరిపోయి ఇంటికి పరుగెత్తింది.

కాసేపటికి ఊరంతా బావి చుట్టూ మూగింది.

"విషం! విషం!"

"ఎవరు కలిపారంటావు?"

"ఇంకెవరు? ఆ యూదులే. అందరూ అంటున్నారు."

మార్గిత నోరు తెరిచింది. జనం తనవైపు చూశారు. నోరు మూసుకుంది.

మధ్యాహ్నం ఆ వీధిలో రొట్టెలమ్మే మెండెలు దుకాణం పగలగొట్టారు.

"నీ రొట్టెల్లోనూ విషమేనట్రా? అందరూ అంటున్నారు!"

"పొద్దున రెండు తిన్నావు కదయ్యా, రాయిలా ఉన్నావుగా!" అన్నాడు మెండెలు. ఆ మాటకే తల పగలగొట్టారు. మార్గిత నోరు తెరిచింది. నోరు మూసుకుంది.

పొద్దు వాలేసరికి కర్రలూ గొడ్డళ్ళూ పట్టుకుని యూదుల వీధి మీద పడ్డారు. ఫ్రూమ వచ్చి మార్గిత తలుపు బాదింది.

"మార్గితా! పొద్దున నువ్వు బావి గట్టున ఉండటం చూశానే. ఏం జరిగిందో నీకు తెలుసు. ఒక్క మాట చెప్పవే తల్లీ!"

తలుపు వెనక మార్గిత నోరు తెరిచింది. నోరు మూసుకుంది.

ఆ వీధిలో నూట పన్నెండు మంది. కర్ర పట్టుకు నడిచే ముసలివాళ్ళు, పాలు తాగే పసివాళ్ళు. అందర్నీ చంపారు. ఒక్కరిని కూడా మిగల్చలేదు. చంపింది దయ్యాలు కాదు, రాక్షసులు కాదు. మెండెలు రొట్టెలు తిన్నవాళ్ళు. ఫ్రూమ చేతుల్లో పుట్టినవాళ్ళు.

నెల తిరక్కముందే ఊరిపెద్ద మార్గితను చావడికి పిలిపించాడు.

"ఆ ఇళ్ళు మనవాళ్ళకు పంచాం. తెల్లగా సున్నం కొట్టు. ద్వారబంధాల్లో గుంటలున్నాయి చూడు, అవి పూడ్చెయ్. ఆ వీధిలో ఎప్పుడూ మనవాళ్ళే ఉన్నారు. తెలిసిందా?"

మార్గిత ఫ్రూమ గుమ్మం ముందు నిలబడింది. సున్నం ముద్ద వేళ్ళతో తీసింది. గుంట అంచు తడిమి చూస్తే నున్నగా ఉంది, ఎన్ని వేళ్ళు తాకాయో. చెయ్యి ముందుకు పోలేదు. ముద్ద విసిరికొట్టి చావడికి నడిచింది.

"అయ్యా, ఆ రోజు బావిలో పడింది విషం కాదు. నా సున్నం కుండ."

చావడి చావడంతా పగలబడి నవ్వింది.

"తెలుసులేవే!" అన్నాడు ఊరిపెద్ద. "మధ్యాహ్నానికే నీళ్ళు తేటపడ్డాయి. నీ కుండ పెంకులు మేమే పైకి తీశాం. ఆ నీళ్ళే తాగాం కూడా."

"తెలిసీనా?"

"ఇళ్ళు బాగున్నాయి కదే, పిచ్చిదానా!"

విన్నారా పిల్లలూ? సున్నం పడకపోతే ఇంకేదో పడేది. చంపాలనుకున్నవాడికి సాకు కరువా?

ఆ నవ్వుకు మార్గిత బెరుకంతా మాడి మసైపోయింది. "థూ!" అని చావడి మెట్ల మీద ఉమ్మేసింది. "నేను పూడ్చను. నా నోరు పూడ్చుకున్నది చాలు."

ఆమె కుడిచెయ్యి విరగ్గొట్టారు. తెల్లారగానే ఆ చెయ్యి మెడకు కట్టుకుని మెండెలు గుమ్మం ముందుకు వెళ్ళి అరిచింది. "ఇది మెండెలు ఇల్లు! మీరు చంపారు! నేను నోరు మూసుకున్నాను!" అక్కణ్ణించి దర్జీ జిస్సెలు గుమ్మం. అక్కణ్ణించి ఫ్రూమ గుమ్మం. తరిమారు. మళ్ళీ వచ్చింది. రాళ్ళేశారు. మళ్ళీ వచ్చింది. చచ్చేదాకా రోజూ వచ్చింది. పెద్దవాళ్ళు చెవులు మూసుకున్నారు గానీ, కొత్తగా దిగినవాళ్ళ పిల్లలు విన్నారు. పేర్లు కంఠతా పట్టారు.

మార్గితకు గుడి కట్టలేదు. కట్టకూడదు కూడా. చెప్పాల్సిన రోజున ఆమె చెప్పలేదు. కానీ ఈనాటికీ ఆ ఊళ్ళో సున్నం వేసేవాళ్ళు గుంట చుట్టూ వేస్తారు, గుంటను ముట్టుకోరు. పిల్లల్ని ఎత్తుకుని గుంటలో వేలు పెట్టించి ఒకప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పిస్తారు. ఎవరైనా "అందరూ అంటున్నారు" అన్నారో, మాటలు సరిగా రాని బుడతలు కూడా "నువ్వు చూశావా?" అని నిలదీస్తారు.

ఇది కథ. మన తాతల కాలంలో అరవై లక్షల మంది యూదుల్ని చంపారే, అది కథ కాదు.

రాయడం అయిన మర్నాడు పొద్దున మా వాకిట్లో ఆడుకునే పిల్లల్ని కూర్చోబెట్టి ఇది చదివాను. పెద్దవాళ్ళు కూడా గుమ్మాల్లోకొచ్చి చూశారు. నేను చదవడం ఆపలేదు.