నీలాలు పాలివ్వని పూట

శనివారం వచ్చిందంటే పైడిరాజు, వరాలమ్మల పాలదొడ్డిలో పెళ్లింటి సందడే. పట్నం నుంచి బడిపిల్లలు బస్సు దిగుతారు, పేడ వాసనకు ముక్కులు మూసుకుంటారు, కాసేపటికి ఆ ముక్కుల సంగతే మరిచిపోయి గేదెలకు గడ్డి పెట్టడానికి ఎగబడతారు. పాలు ప్యాకెట్లలో పుడతాయనుకునే ఆ పిల్లలకు పొదుగు చూపించి, తలా ఒక గ్లాసు పాలు తాగించి పంపడమంటే వరాలమ్మకు ఎంత సంబరమో!

ఆ సంబరం చూస్తే దొడ్డిలోని పిల్లికి కడుపుమంట. పాలన్నీ పట్నం పిల్లలకే పోతున్నాయని ఏడుపు. పైగా నీలాలు అనే గేదెను పితికేటప్పుడు వరాలమ్మ ఒక చన్ను దూడకని వదిలేస్తుంది. ఆ పూటకు దూడే కనపడకపోతే? ఆ చన్ను కూడా పితుకుతారు, మిగిలింది తన గిన్నెలో పోస్తారు. ఆహా, ఏం తెలివి తల్లీ నీది!

బస్సు హారన్ వినపడగానే పిల్లి వెళ్లి నీలాలు దూడ గుండోడి చెవిలో ఊదింది.

"ఒరే గుండా, ఆ బస్సు ఎందుకొచ్చిందో తెలుసా? దూడల్ని పట్టుకుపోవడానికి. గడ్డివాము వెనక దాక్కో. మీ అమ్మ పిలిచినా పలక్కు."

"అయితే అమ్మను మళ్లీ చూడనా అత్తా?"

"కిక్కురుమనకుండా కూర్చుంటే చూస్తావు."

పాపం, పుట్టి నెల తిరగని పసివాడు. గడగడా వణుకుతూ వాము వెనక దూరాడు.

పితికే వేళైంది. దూడ లేదు. పైడిరాజు కంగారుగా పొలం వైపు పరిగెత్తాడు. పిల్లలు గ్లాసులు పట్టుకుని ఎదురుచూస్తున్నారని, వరాలమ్మ ఈలోగా నీలాలు పొదుగు కడిగి పితికి చూసింది. ఒక్క చుక్క రాలేదు.

"అదేంటి వదినా," అంది పిల్లి, "చుట్టాల ముందు ఆవిడ పరువు తీస్తావా? లోపల అన్ని పాలు పెట్టుకుని వదలవేం?"

"నేనేమన్నా పట్టి ఉంచానా? నా బిడ్డ మూతి పెట్టి పొడిస్తేనే నాకు పాలు దిగుతాయి. వాడేడీ? నా గుండోడేడీ?" నీలాలు కళ్లల్లో నీళ్లు.

"నాకేం తెలుసమ్మా!"

పక్కన నెమరువేస్తున్న ముసలి ఎద్దు దవడ ఆపింది. "దొడ్డంతా దూడ కోసం అల్లాడుతుంటే, గిన్నె ముందు కూర్చుని మూతి నాక్కుంటున్నది నువ్వొక్కదానివేనే! సరే, నీ సంగతి తర్వాత. నీలాలూ, గట్టిగా పిలువు తల్లీ."

నీలాలు దొడ్డి దద్దరిల్లేలా అరిచింది.

వాము వెనక గుండోడి ప్రాణం విలవిల్లాడింది. అమ్మ దగ్గరికెళ్లాలంటే బస్సు దిగినవాళ్ల మధ్యనుంచే వెళ్లాలి. పట్టుకుంటే? పట్టుకుంటే పట్టుకోనీ, అమ్మ ఏడుస్తోంది! కళ్లు మూసుకుని ఒకటే ఉరుకు. ముద్దు చేద్దామని చేతులు చాచిన రెండు జడల పాప గడ్డిలో చతికిలబడింది. పిల్లిగారి గిన్నె వాడి గిట్టల కింద నలిగి చపాతీ అయింది.

గుండోడు పొదుగును ఎడాపెడా పొడిచాడు. నీలాలు వాడి వీపంతా నాకింది. వాడి మూతి చుట్టూ తెల్లగా నురగ కట్టింది.

"చూశారా పిల్లలూ, దీన్నే చేపడం అంటాం," అంది వరాలమ్మ కళ్లు తుడుచుకుంటూ. "దూడ కుడిస్తేనే తల్లి చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు దింపుతుంది. ముందు వాడు, తర్వాతే మనం."

"అయితే ఇవి వాడి పాలా ఆంటీ?" అంది రెండు జడల పాప.

"వాడివేనమ్మా. మనకూ కాసిని ఇస్తున్నాడు."

వరాలమ్మ పితికిన పాలు తన గ్లాసులో పోయించుకుని పాప, "థాంక్యూ గుండా!" అంది. మిగతా పిల్లలూ అదే పాట. గుండోడికి భయం పోయి తోక ఆడింది.

అందరి గ్లాసులూ నిండాయి. దూడ చన్ను దూడకే ఉంది. బకెట్టు అడుగున ఏమీ మిగల్లేదు.

"వదినా, నాకో గుక్క..." గొణిగింది పిల్లి.

"వరాలమ్మ కాళ్ల దగ్గర మ్యావుమంటే పోసేదే కదా," అంది నీలాలు. "నువ్వు చెవిలో ఊదిందంతా గుండోడు నాకు చెప్పాడులే. నా బిడ్డను ఏడిపించావు. వాడు లేనిదే నా దగ్గర పాలెక్కడివే?"

బిడ్డ నోరు కట్టి తన నోరు నింపుకోవాలనుకుంటే తల్లి దగ్గర చుక్క కూడా దొరకదు.