ఏడు విమానాల్లో నాలుగోది

ధనుంజయకు ఏడు విమానాలున్నాయి, కారు ఒక్కటే ఉంది. ఆదివారం మైదానానికి ఎన్ని తీసుకెళ్ళాలన్నది శనివారం సాయంత్రానికల్లా అతని ప్రాణానికి పెద్ద చిక్కయి కూచుంది.

రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాలవి. వాటిని బొమ్మలంటే అతనికి ఒళ్ళు మండుతుంది. ఒంగోలులో పళ్ళ డాక్టరు. వారమంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోకి చూసి చూసి, ఆదివారం ఒక్క పూట ఆకాశంలోకి చూస్తాడు.

ఈ ఆదివారం మాత్రం మామూలుది కాదు. వాళ్ళక్క వకుళ పక్క మండలంలో హైస్కూలు హెడ్మిస్ట్రెస్. వచ్చే శనివారం స్కూలు వార్షికోత్సవం. నాలుగు వందల మంది పిల్లల ముందు తమ్ముడి చేత విమానాలు ఎగరేయిస్తానని ఆవిడ స్టాఫ్ రూములో చెప్పేసింది, ప్రార్థనలో పిల్లలకూ చెప్పేసింది. ఇక మిగిలింది జిలానీ ఉస్తాద్ సరేననడమే.

జిలానీ ఉస్తాద్ వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. డెబ్బై దాటాయి. ఈ విద్య నేర్పినందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఆయన చూసి సరేనన్నాకే శిష్యులు జనం ముందు ఎగరెయ్యాలి. ఇప్పటిదాకా ముగ్గురికి సరేనన్నాడు. పదకొండు మంది ఇంకా ఆయన నోటి వంక చూస్తున్నారు.

ఆ పదకొండు మందిలో తనంత చేయి తిరిగినవాడు లేడని ధనుంజయ నమ్మకం. అబద్ధమూ కాదు. చేయి బాగానే తిరిగింది.

శనివారం సాయంత్రం ఫోన్ చేశాడు. "ఉస్తాద్, రేపు ఎన్ని తెమ్మంటారు?"

"ఒకటి."

"ఒకటేనా? అది కాస్తా పడిపోతేనో?"

"ఇంటికెళ్ళి అన్నం తిందాం."

పెద్దాయన హాస్యమాడుతున్నాడనుకున్నాడు ధనుంజయ. ఏడూ కారెక్కించాడు. వెనక సీటు మడిచి, రెక్కలు ఊడదీసి, దుప్పట్లలో చుట్టి ఆరింటిని సర్దాడు. ఏడోదాన్ని ముందు సీట్లో వకుళ ఒళ్ళో పెట్టాడు.

"పెళ్ళివారి సామాను కూడా ఇంతుండదురా," అంది వకుళ, తోక తన కంట్లో పొడుచుకోకుండా పట్టుకుని.

వాళ్ళు ఎగరేసే చోటు తెల్లదొరల కాలంలో వేసిన రన్‌వే. ఇప్పుడు దాన్ని ఎవరూ వాడరు. పగుళ్ళలో తంగేడు మొలిచింది. పక్కన ఒక గుంజ పాతి, గాలి ఎటు వీస్తుందో తెలియడానికి ఎర్ర గుడ్డ కట్టారు. వకుళ మడత కుర్చీ వేసుకుని, గొడుగు విప్పుకుని, మరమరాల పొట్లంతో కూచుంది. తమ్ముడు ఎగరేస్తుంటే చూడ్డం ఆవిడకిదే మొదటిసారి.

వరసగా పేర్చిన ఏడు విమానాలనూ ఉస్తాద్ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచి చూశాడు.

"మాషా అల్లా. ఇవాళ అన్నీ ఎగరేస్తావా బేటా?"

"పిల్లలకు ఒకటి చూపిస్తే ఏం ఆనుతుంది ఉస్తాద్? ఒకటి దిగీ దిగకముందే ఇంకోటి లేవాలి."

ఉస్తాద్ తన విమానం బయటికి తీశాడు. ఆయనకున్నది అదొక్కటే. పంతొమ్మిదేళ్ళ కిందట తన చేత్తో చేసుకున్నది. అతుకుల మీద అతుకులు పడి అసలు చెక్క ఎంత మిగిలిందో ఆయనకే తెలియదు. దాని ముందు మోకాళ్ళ మీద కూచుని, రిమోట్ మీద స్టిక్ కుడికి తిప్పి, రెక్క మీది పలక చూసి, "కుడి" అన్నాడు. ఎడమకి తిప్పి, చూసి, "ఎడమ" అన్నాడు. వెనక్కి లాగి, తోక చూసి, "పైకి" అన్నాడు. అలా రెండుసార్లు. ఆ తర్వాత ఎగరేసి, ఓ ఎనిమిది నిమిషాలు తిప్పి, దించి, బట్టతో తుడిచి పక్కన పెట్టాడు. ఆయన ఆదివారం అంతటితో అయిపోయింది.

పంతొమ్మిదేళ్ళుగా తెలిసిన విమానానికి ఇంత తతంగమా అని ధనుంజయ ఎప్పుడూ లోపల్లోపల నవ్వుకుంటాడు. ఇవాళా నవ్వుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఏడు విమానాలకూ అతని రిమోట్ ఒక్కటే. అందులో ఒక్కో విమానానికి ఒక్కో పేరు పెట్టి, దాని అమరికలు దాచుకుంటారు. విమానం మార్చినప్పుడల్లా రిమోట్‌లో పేరు కూడా మార్చాలి. మార్చకపోయినా విమానం కదులుతుంది, ఇంజను మోగుతుంది, అంతా మామూలుగానే కనిపిస్తుంది. కాకపోతే కుడికి తిప్పితే ఎడమకి పోవచ్చు, పైకి లాగితే కిందికి పొడుచుకోవచ్చు. అది గాల్లోకి లేచాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

మొదటి విమానం తెల్లది. పద్ధతిగా చూసుకునే ఎగరేశాడు. రెండోది ఎర్రది, మూడోది నీలంది. ఒకే పెట్టెలో వచ్చిన కవలలవి. ఎర్రది నేల తాకగానే పరుగున వెళ్ళి నీలందాన్ని రన్‌వే మీద పెట్టాడు. చక్రాలు ఆగీ ఆగకముందే ఇంకోటి లేచింది. తను అనుకున్నట్టే జరుగుతోంది. ఆ ఊపులో నీలందాన్ని బాగా కిందికి దించి, వకుళ గొడుగుకి జానెడు ఎత్తులో రివ్వున పోనిచ్చాడు.

వకుళ తల్లో పూలమీద చెయ్యి పెట్టుకుని కుర్చీలో ముడుచుకుపోయింది. "ఒరేయ్ చచ్చినోడా!" అని అరిచి, పడీ పడీ నవ్వింది. మరమరాలన్నీ నేలపాలయ్యాయి.

ఉస్తాద్ మాత్రం నవ్వలేదు. "ఎడమకి ఎందుకు లాగుతోంది?" అన్నాడు.

"గాలి ఉస్తాద్."

ఉస్తాద్ గుంజ వైపు చూశాడు. ఎర్ర గుడ్డ కదలకుండా వేలాడుతోంది.

నాలుగోది పసుపు రంగు విమానం. ధనుంజయకు ప్రాణమైంది అదే. పెట్రోలు ఇంజను, ఆరు కిలోల బరువు, మనిషి రెండు చేతులూ చాపినా అందనంత రెక్కలు. దాని తోకను తాడుతో మేకుకు కట్టి ఇంజను తిప్పాడు. ముందున్న పంకా కంటికి కనపడనంత వేగంగా తిరగడం మొదలుపెట్టింది. ఆ పంకాకి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను ధనుంజయే ఇద్దర్ని ఎరుగును.

"సిద్ధం ఉస్తాద్," అన్నాడు రిమోట్ చేతిలోకి తీసుకుని.

"చూసుకున్నావా?"

"అంతా చూసుకున్నా."

ఉస్తాద్ తలూపాడు. చెప్పులు విడిచాడు. విమానం పక్కనుంచి రన్‌వే మధ్యలోకి నడుచుకుంటూ వెళ్ళాడు. ఏ రాయో రప్పో తీసెయ్యడానికి పోతున్నాడనుకున్నాడు ధనుంజయ. ఆయన నలభై అంగలు వేసి ఆగాడు. సరిగ్గా విమానం ముక్కుకి ఎదురుగా, ఇటు వీపు పెట్టి, మఠం వేసుకుని కూచున్నాడు.

"ఉస్తాద్!" ధనుంజయ గొంతు కీచుమంది. "ఏంటది? లేవండి!"

"సిద్ధమన్నావుగా," అన్నాడు ఉస్తాద్ వెనక్కి తిరక్కుండానే. ఇంజను చప్పుడులో ఆయన గొంతు చిన్నగా వినిపించింది. "ఎంత దూరంలో లేస్తుంది?"

"ఇరవై అంగల్లో లేస్తుంది. కానీ..."

"నేను నలభైలో ఉన్నా. నా నెత్తి మీదుగా ఎగరెయ్యి."

వకుళ లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది. "ఒరేయ్ ధనూ, ఏంట్రా ఇది? ఆ పెద్దాయన్ని లేపరా ముందు!" అని కేకలు పెడుతోంది. ధనుంజయకు ఆ కేకలు ఎక్కడో దూరాన వినపడుతున్నాయి. అతని కళ్ళకు కనపడుతున్నది ఒక్కటే. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, దాని పైన నెరిసిన జుట్టు, బక్క మెడ.

ఆ మెడ చూస్తూ అతను స్టిక్ మెల్లగా వెనక్కి లాగాడు. తోక రెక్క పైకి లేవాలి.

కిందికి వాలింది.

వదిలేసి మళ్ళీ లాగాడు. మళ్ళీ కిందికే వాలింది.

తాడు విప్పి వదిలితే, అలా ఉన్న విమానం నేల విడిచి లేవదు. ఎంత లాగితే అంతగా ముక్కు నేలకి అదుముకుంటూ, ఆ పంకాతో, ఆ వేగంతో తిన్నగా వెళ్ళి ఆ తెల్ల చొక్కాలో దిగబడుతుంది. ఇంకా గట్టిగా లాగేవాడు తను. లేవడం లేదేమిటా అని ఇంకా గట్టిగా లాగేవాడు.

ఇంజను ఆపేశాడు. ఆపడానికి వేలు మూడుసార్లు తడబడింది.

చుట్టూ నిశ్శబ్దమైపోయింది. రిమోట్ మీది చిన్న తెర వైపు చూశాడు. అక్కడ ఉండాల్సిన పేరు 'పసుపు'. ఉన్న పేరు 'ఎర్ర'.

ఎర్రది రెండో విమానం.

అతను ఆ పేరు వంక చూస్తూ నిలబడిపోయాడు. ఎర్రదాని తర్వాత నీలంది ఎగిరింది. దానికీ పేరు మార్చలేదన్నమాట. రెండూ కవలలు గనుక ఎలాగో ఎగిరింది. అమరికల్లో ఒక వెంట్రుకవాసి తేడా ఉండి ఎడమకి లాగింది. దాన్నే అతను గాలి అన్నాడు. దాన్నే అక్క నెత్తి మీదుగా జానెడు ఎత్తులో పోనిచ్చాడు.

కాళ్ళు ఈడ్చుకుంటూ ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఇంకా అలాగే కూచుని ఉన్నాడు. దగ్గరికి వచ్చాక కనపడింది, చొక్కా వీపంతా చెమటకి తడిసి అంటుకుపోయి ఉంది. ఎండ ఇంకా ఎక్కనే లేదు.

"పేరు మార్చలేదు ఉస్తాద్," అన్నాడు. "నీలందానికి కూడా మార్చలేదు."

ఉస్తాద్ కళ్ళు మూసుకుని తెరిచాడు.

"తప్పుందని మీకు తెలుసా?"

"తెలీదు."

"తెలీకుండానే కూచున్నారా?"

"నువ్వు చూడలేదని తెలుసు. ఏముందో తెలీదు." ఆయన చెయ్యి చాపాడు. "లేపు బేటా. మోకాళ్ళు పట్టేశాయి."

ధనుంజయ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

ఉస్తాద్ లేచి నిలబడి, బట్టలకంటిన దుమ్ము దులుపుకున్నాడు. "శనివారం ఎన్ని తెస్తున్నావు?" అని అడిగాడు. ఆ అడగడంలో కోపం లేదు, వెటకారమూ లేదు.

ధనుంజయ వరసగా పేర్చిన విమానాల వైపు తిరిగి చూశాడు.

"నేను రావచ్చా ఉస్తాద్?"

"స్కూలు నాది కాదు, పిల్లలు నావాళ్ళు కారు," అన్నాడు ఉస్తాద్. "ఆమెనడుగు."

వకుళ ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. "ఏంటండీ మాస్టారూ, ఈ వయసులో ఆ ఆటలేంటండీ? నా పై ప్రాణాలు పైనే పోయాయి!"

"ఏం లేదమ్మా. చిన్న పరీక్ష."

"పరీక్షా!" ఆవిడ మొహం విప్పారింది. బడిపంతులమ్మ గదా, ఆ మాట వింటే చాలు, సగం భయం తీరిపోయింది. "అయితే మావాడు పాసయ్యే ఉంటాడు. చిన్నప్పటి నుంచీ వాడు ఏ పరీక్షా తప్పలేదండీ."

ఉస్తాద్ నేల చూస్తూ నిలబడ్డాడు.

వకుళ తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. "ఒరేయ్, ఇందాక నా నెత్తి మీదుగా తిప్పావు చూడు, నాకైతే అదే నచ్చింది. శనివారం ఆరో తరగతి పిల్లల్ని ముందు వరసలో కూచోబెడతా. వాళ్ళ మీదుగా కూడా అలాగే తిప్పరా. ఎంత మురిసిపోతారో!"

ధనుంజయ రిమోట్‌ను రన్‌వే మీద పెట్టి, ఆవిడ కాళ్ళ దగ్గర అలాగే కూలబడ్డాడు.