కుక్కల దొడ్లో కొత్తిమీర

సన్యాసయ్య గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. పేరుకే సన్యాసయ్య. భార్య, ముగ్గురు కూతుళ్ళు, నాలుగు కుక్కలు, ఎన్నో ఎవరికీ లెక్క తేలని పిల్లులు ఉన్న నిండు సంసారి. నలభై ఏళ్ళు మగ్గం నేసి, చూపు మందగించాక మానేసి, నాగావళి ఒడ్డున తన పెంకుటింటి అరుగు మీద కూర్చునేవారు. మనసు బాగులేనివాళ్ళు, బాగున్నా ఊసుపోనివాళ్ళు వచ్చి చుట్టూ చేరేవారు. ఆదివారం నాడు వచ్చినవాళ్ళందరికీ భోజనం అక్కడే. ఆయన భార్య పైడమ్మ వండేది.

ఆ అరుగు దగ్గరికి గవరయ్య వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. ఒకప్పుడు లారీ డ్రైవరు. పదిహేనేళ్ళు తాగాడు. తల్లి పోయిన రోజున కూడా స్పృహలో లేడు. భార్య మహాలక్ష్మి ఓర్చినన్నాళ్ళు ఓర్చి, చివరికి ఏటి అవతల ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది. ఇప్పుడు మందు ముట్టడం లేదు. గురువుగారి ఇంట్లోనే నీళ్ళు తోడుతూ, కట్టెలు కొడుతూ ఉంటున్నాడు. అయితే ఆదివారం నాడు పదిమంది మధ్యకు మాత్రం వచ్చేవాడు కాదు. పైడమ్మ వడ్డించమంటే, "నా సేత్తోనా, అమ్మా?" అని వెనక్కి తప్పుకునేవాడు.

చలికాలం మొదట్లో ఒక పొద్దున్న అతను ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగోరూ, ఒకపాలి సెడిపోయిన మనిషి మళ్ళా పదిమందికీ పనికొస్తాడా? వస్తాడంటే వస్తాడనండి, రాడంటే రాడనండి. నానేటీ అనుకోను."

గురువుగారు కాసేపు గెడ్డం గోక్కున్నారు. "పెరటి దొడ్డి ఊరికే పడి ఉంది. అందులో ఏదో ఒకటి పండించు, భోజనాల్లోకి పనికొస్తుంది" అన్నారు. అని కుక్కపిల్ల ఒంటికి పట్టిన గోమార్లు ఏరి తీయడంలో పడిపోయారు.

ఆ దొడ్డి ఏళ్ళ తరబడి కుక్కలదీ పిల్లులదీ. మనుషులు అటు వెళ్ళేవారు కారు, వెళ్ళినా చూసి అడుగు వేసేవారు. గవరయ్య మాత్రం దాన్ని చూసి పొంగిపోయాడు. ఇంత ఎరువు ఉచితంగా పడి ఉంటే ఎవరూ వాడుకోరేమని ఆశ్చర్యపోయాడు. ఉన్నదంతా మట్టిలో కలిపి తిరగేసి తవ్వాడు. తొందరగా చేతికొచ్చే పంట ఏదా అని ఆలోచించి కొత్తిమీర చల్లాడు. రోజుకు రెండుసార్లు వెళ్ళి, మొలక వచ్చిందా అని నేల మీద బోర్లా పడుకుని చూసేవాడు. వచ్చింది. ఎలా వచ్చిందంటే, ఆ వీధిలో అంత గుబురు కొత్తిమీర ఎవరూ ఎరగరు.

ఒక ఆదివారం తెల్లవారకముందే లేచి, కోసి, పైపైన నీళ్ళు చల్లి, తనే రోట్లో పచ్చడి నూరాడు. వచ్చిన ఇన్ని నెలల్లో మొదటిసారి పదిమంది ముందుకు గిన్నె పట్టుకుని వచ్చాడు. మొదటి వడ్డన గురువుగారి చిన్న కూతురు ఈశ్వరికి. ఆ పిల్ల అప్పుడు అయిదో నెల కడుపుతో ఉంది. పచ్చడి వాసనకే ఆమె కళ్ళు మెరిశాయి.

"కొత్తిమీర ఎక్కడిది, గవరయ్యా?" అన్నారు గురువుగారు.

"మన కుక్కల దొడ్లోదేనండీ! ఉన్న పెంటంతా కలిపేసినాను. అందుకే అంత ఏపుగా వొచ్చింది."

ఈశ్వరి చేతిలో ముద్ద నోటిదాకా వచ్చింది. గురువుగారు వంగి ఆ చెయ్యి పట్టుకున్నారు.

"ఆగమ్మా. ఎవరూ ఆ పచ్చడి ముట్టుకోకండి."

ముద్ద విస్తట్లో పడేసి ఈశ్వరే చెప్పింది, గవరయ్య ముఖం చూడలేక తల వంచుకుని. "నర్సమ్మ గట్టిగా చెప్పింది, మావయ్యా. పిల్లి పెంట తగిలిన మట్టి కడుపుతో ఉన్నవాళ్ళు ముట్టుకోకూడదంట, లోపలి బిడ్డకి ముప్పంట. కుక్కలదయితే అందులో పురుగుల గుడ్లు ఉంటాయంట. పెంట ఎండి మట్టిలో కలిసిపోయినా అవి చావవంట. ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయంట."

"పేడ ఏస్తాం కదా మరి?" అన్నాడు గవరయ్య.

"ఆవు గడ్డి తింటాది, కుక్క ఏటి తింటాదో నీకు తెలీదా నాయనా?" అంది పైడమ్మ. "పశువుల పేడైనా మాగబెట్టకుండా ఎయ్యం కదా."

గవరయ్య ఆ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళాడు. పదిహేనేళ్ళు తాగి తను చేసిన చెడు ఒక ఎత్తు, మానేసి మంచి చేయబోయి చేసిన ఈ పని ఒక ఎత్తు అనిపించింది. పచ్చడి గొయ్యి తీసి పాతిపెట్టాడు. గిన్నె కడిగాడు. చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, సంచిలో రెండు చొక్కాలు పెట్టుకున్నాడు. వాకిట్లో గురువుగారు నిలబడి ఉన్నారు.

"ఎక్కడికి?"

"ఆ నేల ఇంక దేనికీ పనికిరాదు కదండీ. నానూ అంతే."

"కొత్తిమీరకి పనికిరాదు, అంతే" అన్నారు గురువుగారు. "ఏది ఎక్కడ వెయ్యాలో చెప్పకుండా నిన్ను పంపడం నా తప్పు. సంచి లోపల పెట్టి రా. మన ఇద్దరి తప్పూ కలిపి దిద్దుకుందాం."

మర్నాటి నుంచి పని మొదలైంది. దొడ్లో ఏరగలిగినంత పెంట పారతో ఏరి, బావికి దూరంగా లోతైన గోతిలో పూడ్చారు. వెదురు తడికలతో దొడ్డి చుట్టూ దడి కట్టి కుక్కల్ని బయట పెట్టారు. వాటికి ఏటి వైపు వేరే జాగా చూపించారు. పిల్లుల కోసం మూల ఇసుక కుప్ప పోశారు, ఏ రోజుది ఆ రోజు ఎత్తేయడానికి వీలుగా. ఆకుకూరల కోసం ఇంటికి ఇవతల ఇటుకలతో నడుమెత్తు తొట్లు కట్టారు. అడుగున గవరయ్య పాత లారీ టార్పాలిన్ పరిచి, నీరు పోవడానికి అంచుల్లో సందులు విడిచాడు. వాటిలో పొలం మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు నింపాడు. దొడ్డి మట్టి ఒక్క పిడికెడు కూడా అటు పోనివ్వలేదు.

తొట్టి నింపిన మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూస్తే, ఇసుక కుప్ప వైపు కన్నెత్తి కూడా చూడకుండా, పెద్ద బూడిదరంగు పిల్లి ఆ మెత్తటి కొత్త మట్టి మధ్యన కూర్చుని ఉంది. కళ్ళు అరమోడ్చి, పరమశాంతంగా, తన పని తాను కానిస్తోంది. గవరయ్య నోట్లోకి లారీ రోజుల మాటలు వరస కట్టి వచ్చాయి. అన్నీ మింగేశాడు. రెండు చేతులూ జోడించి, "దండం తల్లీ, ఇంక లే" అన్నాడు. వంటింటి కిటికీలోంచి చూస్తున్న పైడమ్మ నవ్వు ఆపుకోలేక పొయ్యి ముందు కూలబడింది. తొట్టి మట్టంతా ఎత్తి దొడ్లో పోసి, మళ్ళీ కొత్తది నింపి, ఈసారి పైన పాత చేపల వల బిగించాడు.

ఇక మిగిలింది దొడ్డి. దాని అంచుల వెంట గోతులు తీసి, కొత్త మట్టి నింపి బీర పెట్టి, ఎత్తుగా పందిరి వేశారు. కాయ నేలకు తగలదు, తొక్క తీసి ఉడికించి తింటాం కనక పరవాలేదన్నారు గురువుగారు. మధ్యనున్న నేల మొత్తం బంతి నారు. దొడ్లోకి వెళ్ళడానికి వేరే చెప్పులు, వచ్చాక సబ్బుతో చేతులు. ఈ రెండూ పైడమ్మ శాసనాలు. గురువుగారికి కూడా మినహాయింపు లేదు.

బీర కాసింది. మొదటి కోతలో నాలుగు లేత కాయలు గవరయ్య ఒక సంచిలో పెట్టి, ఏరు దాటి వెళ్ళే పాలవాడి చేతికిచ్చాడు. ఎవరికో చెప్పడానికి ఇంకా నోరు రాక, "ఆ చివరింటికి" అన్నాడు అంతే. రెండు రోజులకు సంచి తిరిగి వచ్చింది. అడుగున గుడ్డపీలికలో కట్టిన పొట్ల గింజలు, గుప్పెడు.

"మహాలక్ష్మమ్మ ఇమ్మంది" అన్నాడు పాలవాడు. "పిందె పడ్డాక రాయి కట్టడం మరిచిపోవద్దని సెప్పమంది. లేకపోతే వంకర పోతాదంట."

గవరయ్య ఆ ముడి చాలాసేపు విప్పలేదు. ఆ ఆదివారం ఎవరూ అడగకుండానే బీరకాయ కూర గిన్నె పట్టుకుని పంక్తిలోకి వచ్చాడు. ఈశ్వరి రెండుసార్లు వడ్డించుకుంది.

భోజనాలయ్యాక అతను గురువుగారిని దొడ్డి దగ్గరికి తీసుకుపోయాడు. గింజల మూట చేతిలోనే ఉంది. పొట్లకు గోతులు ఎక్కడ తియ్యాలో చూపించి, మధ్యనున్న నేల వైపు తిరిగాడు. బంతిపూలు ఒక్క అంగుళం ఖాళీ లేకుండా విరబూసి ఉన్నాయి. ఆ వేళ వచ్చిన ఆడవాళ్ళందరి తలల్లోనూ అవే.

"ఈ నేల ఎప్పటికి పూర్తిగా బాగుపడతాదండీ?"

"ఏడాదో, రెండేళ్ళో, ఇంకా ఎక్కువో. నాకు తెలీదు" అన్నారు గురువుగారు. చూపు ఆనని కళ్ళు చిట్లించి ఆ పసుపు వైపే చూస్తూ, "అందాకా అది ఖాళీగా కూర్చోలేదుగా" అన్నారు.