ఏటికి సాగనంపిన తంబురా

ఏ సంస్థానమో నన్నడక్కండి గాని, అక్కడ వెంగళరాయుడనే నాదపరీక్షకుడు ఉండేవాడు. పాత వాద్యాలన్నీ ఆయన విని తీర్పు చెప్పాలని రాజుగారి శాసనం. నాదం బతికున్నది సొంతదారుడికి, చచ్చినది వంటచెరకు కింద రాయుడింటికి. చిత్రమేమంటే, మంచి వాద్యాలే ఆయన చెవిలో పడి చచ్చేవి!

ఊరూరా కథలు పాడుకునే ఎల్లమంద తాతలనాటి తంబురాను రాజుగారి సభకు తెచ్చాడు. వానాకాలం తీగలు వదులుచేసి, బుర్రకు నూనె రాసి బిడ్డలా సాకిన తంబురా అది. వాళ్ళింటి కూడంతా దానిమీదే.

రాయుడు తీగ మీటి, కళ్ళు మూసుకుని పరవశించి, అంతలోనే ముఖం మాడ్చుకుని, "చచ్చింది," అన్నాడు.

 ఎల్లమంద రాజుకు దండం పెట్టి, "ప్రభూ, చచ్చిన తంబురాను పాట పాడి ఏట్లో కలపడం మా పాటగాళ్ళ ఆచారం. పొయ్యిలో పెడితే పాపం. సెలవిప్పించండి," అన్నాడు.

"న్యాయమే," అన్నాడు రాజు.

సభంతా ఏటికి నడిచింది. ఎల్లమంద సాగనంపే పాట అందుకుంటే ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. పాట అయ్యాక తంబురాను నీళ్ళమీద వదిలాడు. అది మెల్లగా సుడివైపు కదిలింది.

ఇక రాయుడు ఆగలేకపోయాడు. జరీ ఉత్తరీయంతో సహా నడుంలోతు నీళ్ళలోకి దూకి, తంబురాను గుండెకు హత్తుకుని, "అయ్యయ్యో! ఇంతటి నాదాన్ని నీళ్ళపాలు చేస్తావట్రా, మూర్ఖుడా!" అని అరిచాడు.

ఒడ్డున ఎవరూ నవ్వలేదు. అందరూ రాజు ముఖం చూశారు, రాజు రాయుణ్ణి చూశాడు.

ఎల్లమంద చేతులు చాచాడు. "బతికుందని తమరే సెలవిచ్చారు, రాయుడుగారూ. ఇలా ఇవ్వండి, తడి తుడవాలి."