గురివి పెట్టిన జీడిచుక్క

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. ఇంత దూరాన మీకు చెప్పేవాళ్లెవరున్నారు? నేనే చెబుతాను. గుర్రాలున్నాయా అని మధ్యలో అడగకండి. లేవు.

వెనకటికి, వెనకటికి, ఒక కోట. ఏ రాజుదో మా అమ్మమ్మ చెప్పలేదు, నేను కల్పించను. ఆ కోటలో బంట్ల బట్టలు ఉతికేది గురివి. ఒకరివి ఒకరికి కలిసిపోకుండా నల్లజీడి పసరుతో అంచున చుక్కలు పెట్టేది. ఆ చుక్క ఉతికినా పోదు, ఎండినా పోదు, నానినా పోదు. కొండడనే బంటు అంగీకి మూడు చుక్కలు.

ఒక వానాకాలం శత్రువులు వచ్చిపడ్డారు. మూడు రోజులు యుద్ధం. మూడో రోజు ఉత్తరపు వాకిలి విరిగింది. వాళ్లు దోచుకున్నంత దోచుకొని పోయారు.

సేనకు పెద్ద దళవాయి. వాకిలి కాచే కొండడు పారిపోయాడనీ, తాను మాత్రం సాయంత్రం దాకా అక్కడే అడుగు కదపకుండా నిలబడ్డాననీ ఆయన రాజుకు చెప్పాడు. పారిపోయిన బంటు ఇంటివాళ్లను ఊళ్లో ఉండనివ్వరు. కొండడికి ఉన్నది తల్లి సూరమ్మ ఒక్కతే. చూపు లేదు. మర్నాడే ఇల్లు వదలమన్నారు.

సూరమ్మ రేవుకు తడుముకుంటూ వచ్చింది. "నా కొడుకు అలాంటివాడు కాదే గురివీ. నువ్వైనా పోయి చూడవే" అంది.

వాకిలి దగ్గర శవాలు మూడు వరుసలు. వానకు ముఖాలు గుర్తుపట్టేలా లేవు. గురివి మొదటి వరుసలో అంచులు చూసింది. లేడు. రెండో వరుస చూసింది. లేడు. మూడో వరుసలో మూడు చుక్కలు కనిపించాయి.

వెళ్లి రాజుతో చెప్పింది. దళవాయి మళ్లీ చూడమన్నాడు. చూసింది. అవే చుక్కలు. ఇంకోసారి చూడమన్నాడు. చూసింది. అవే చుక్కలు. మూడోసారి, "గుడ్డలుతికేదానివి, యుద్ధం నువ్వు చూశావా?" అన్నాడు.

గురివికి విసుగొచ్చింది.

"యుద్ధం చూడలేదు దొరా. అంగీ చూశాను. పోట్లు మూడూ ముందువైపున్నాయి. వెనక ఒక్క చిరుగు లేదు. ఇంకెన్నిసార్లు చూడమంటారు? పోనీ, మీరు ఆ రోజు కట్టిన పంచె చూడనా? అదీ నాకే వేశారు, రేవులోనే ఉంది, ఇంకా ఉతకలేదు. ముందు మరక లేదు. వెనక మడమల నుంచి నడుము దాకా బురద చిమ్మి ఉంది. అడుగు కదపనివాళ్లకు బురద అలా చిమ్ముతుందా దొరా?"

రాజు పంచె తెప్పించి చూశాడు. సూరమ్మ ఇల్లు సూరమ్మకే ఉంచాడు. దళవాయి కూడా దళవాయిగానే ఉన్నాడు. ఎందుకని నన్నడగకండి, అక్కడే నాకూ ఒళ్లు మండుతుంది.

కోట బట్టలు మళ్లీ గురివికి వెయ్యలేదు. ఆమె ఊరి బట్టలు ఉతుక్కుంటూ ముసలిదై పోయింది. కొండడి అంగీని మాత్రం ఉతకకుండా సూరమ్మ చేతిలో పెట్టింది. సూరమ్మ చిరుగులను వేళ్లతో తడిమి చూసుకుంది. మూడూ ముందే.

ఇప్పటికీ మా వైపు దూరం వెళ్లేవాళ్ల బట్టల అంచున ఒక చుక్క పెడతారు. ఎవరైనా యుద్ధం సంగతి చెప్పబోతే ముసలివాళ్లు ముందు, "అందులో నువ్వు చూసిందేమిటి?" అని అడుగుతారు.

మీ బడి చొక్కాలకు నేను పెట్టేదీ ఆ చుక్కే, మరక కాదు. ఇంక గీకకండి. మీ పిల్లలకూ ఈ కథ చెప్పండి. విన్నది విన్నట్టు చెప్పండి. గుర్రాన్ని మాత్రం కలపకండి.