గోరింకమ్మ దగ్గర వంతు

కాలవగట్టు మీద ఒక మేకల మంద ఉండేది. అందులో ఎర్రమ్మ అనే మేకకు బొట్టు అని ఒక ఆడపిల్ల. తోటి పిల్లలన్నీ అరిచి గోల చేస్తుంటే బొట్టు మాత్రం నోరు విప్పేది కాదు. మరో రెండు నెలల్లో వానలు పడితే మంద గుట్టల మీదికి మేతకు వెళ్ళాలి. అక్కడ తుప్పల్లో తప్పిపోయిన పిల్లను తల్లి అరుపును బట్టే వెతుక్కుంటుంది. అరవని పిల్లను ఎలా వెతకడం? ఈ దిగులుతో ఎర్రమ్మకు మేత సయించేది కాదు.

మందలో తలా ఒక మాట అన్నారు. పుట్టినప్పుడు నాలుకకు వస సరిగ్గా రాయలేదని కొందరు, మాటలు అవే వస్తాయిలెమ్మని కొందరు. సలహాలకు మేకల్లో కరువేముంది? చివరికి గేదె పెద్దమ్మ, తన వీపు మీద తిరిగే గోరింకమ్మ ఇలాంటి పిల్లలకు మాటలు నేర్పుతుందని చెప్పి, వాళ్ళిద్దరినీ దాని దగ్గరకు తీసుకెళ్ళింది.

గోరింక ముందుగా బొట్టు వెనక చేరి ఎండు దిరిసెన కాయను గలగలలాడించింది. బొట్టు తల తిప్పి చూసింది.

"చెవులు బాగానే ఉన్నాయి. ఇది వస లోపమూ కాదు, నీ తప్పూ కాదు. ఆ బెంగ వదిలెయ్యి. కానీ నీ ముందు ఆరుగురు పిల్లలున్నారు, నీ వంతు పదిహేను రోజులకు వస్తుంది. అప్పుడు నువ్వూ పక్కనే కూర్చోవాలి" అంది గోరింక.

నీ తప్పు కాదన్న ఆ ఒక్క మాటకే ఎర్రమ్మకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

తిరుగుదారిలో, చాటు నుంచి ఇదంతా విన్న నక్క ఎదురైంది.

"పదిహేను రోజులా వదినా? నా దగ్గర వంతుల్లేవు. అడవి వస నూరి పోస్తాను, మూడు రోజుల్లో వసపిట్టలా వాగుతుంది. పిల్లను నా దగ్గర వదిలి వెళ్ళు. తల్లి కన్ను పడితే మందు పారదు."

మూడు రోజులంటే ఏ తల్లికి ఆశ పుట్టదు? ఎర్రమ్మ సరేనంది కూడా. సంగతి విన్న గేదె నెమరు ఆపింది.

"గోరింకమ్మ నిన్ను పక్కన కూర్చోమంది. నక్క బావ నిన్ను రావద్దంటున్నాడు. ఎందుకంటావే?"

ఎర్రమ్మ నక్క దగ్గరకు వెళ్ళలేదు.

వంతు వచ్చాక గోరింక చేసినవన్నీ ఆటలే. లేత రెమ్మ ముక్కున పట్టుకుని, బొట్టు నోరు తెరిచి అడుగుతుందేమోనని దాని కళ్ళలోకి చూస్తూ ఆగేది. ఇన్నాళ్ళూ పిల్ల చూపు పడగానే అన్నీ అందించిన ఎర్రమ్మ కూడా ఇంటి దగ్గర అలాగే ఆగాల్సి వచ్చింది. అది ఆమెకు మహా కష్టమైంది. నెల తిరిగాక ఒకరోజు రెమ్మ కోసం బొట్టు "మ్మా" అంది. ఎర్రమ్మ ఆ సంగతి మందంతటికీ రెండేసిసార్లు చెప్పింది.

వానలు పడ్డాయి, మంద గుట్ట ఎక్కింది. మూగపిల్లను పట్టుకుంటే చప్పుడుండదని నక్క తుప్ప చాటున కాచుకుని బొట్టు చెవి పట్టింది. బొట్టు గొంతు చించుకుని "అమ్మా" అని అరిచింది. ఎర్రమ్మ కొమ్ములతో, మందను కాసే కుక్క కోరలతో ఒక్కసారే వచ్చిపడ్డాయి. సగం తోక పోగొట్టుకున్న నక్క, దీనికి మాటలు రావన్నారే అని గొణుక్కుంటూ పారిపోయింది.

గుట్ట దిగిన రోజున ఎర్రమ్మ నేరుగా గోరింక దగ్గరకే వెళ్ళింది.

"నా పిల్ల నన్ను పిలిచింది గోరింకమ్మా. బతికినన్నాళ్ళూ నీ మేలు మరవను" అంది.

నీతి: బిడ్డకు మాట ఆలస్యమైతే వెంటనే సాయం అడగాలి, తల్లిని దూరంగా ఉండమనే వైద్యాన్ని మాత్రం నమ్మకూడదు.